దారి చెప్పే పెట్టె

మా ఇంటికి కారు వచ్చిన రోజున అందరికన్నా ఎక్కువగా సంతోషించింది అమ్మీ. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మొవ్వ నుంచి బందరు ఆసుపత్రికి వెళ్లాలన్నా, గుడివాడలో బంధువుల ఇంట నికాహ్‌కు వెళ్లాలన్నా బస్సు మెట్లెక్కడమే ఆమెకు పెద్ద పరీక్ష. అందుకని 2021లో మా స్తోమతకు తగినట్టుగా విజయవాడలో ఒక పాత కారు కొన్నాము. అది 2016 నాటి మోడల్. అమ్మినాయన దాని గుణగణాలన్నీ ఏకరువు పెట్టి, చివర్లో ఏదో బహుమానం ఇస్తున్నట్టుగా ముందరి తెరను వేలితో తాకి చూపించాడు. "ఇందులో నావిగేషన్ కూడా ఉందండీ. ఎక్కడికి వెళ్లాలో చెబితే చాలు, అదే తీసుకెళ్తుంది. ఇక మీరు ఎవరినీ దారి అడగక్కర్లేదు" అన్నాడు.

ఎవరినీ దారి అడగక్కర్లేదన్న ఆ మాట ఆనాడు మాకు గొప్ప సౌకర్యంగా తోచింది. ఆ సౌకర్యం ఖరీదు ఎంతో తెలిసిరావడానికి రెండేళ్లు పట్టింది.

మొదట్లో ఆ పెట్టె మా పిల్లలకు ఆటవస్తువు. కూచిపూడి మలుపు వస్తోందనీ, పామర్రు ఇంకా ఇన్ని కిలోమీటర్లుందనీ అది చెబుతుంటే, ఆ సంగతులు మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవే అయినా, మా ఊళ్ల పేర్లు ఒక యంత్రం నోట వినడం ముచ్చటగా ఉండేది. అది పలికే తీరుకు పిల్లలు పడీ పడీ నవ్వేవారు. తెలిసిన దారిలో ఉన్నంతకాలం దాని జ్ఞానం ఎంతటిదో పరీక్షించే అవసరం మాకు కలగలేదు.

ఆ అవసరం మొదటిసారి విజయవాడలో వచ్చింది. అమ్మీని వైద్యం కోసం హైదరాబాదు తీసుకుని వెళ్తున్నాము. దుర్గ గుడి దగ్గరి ఫ్లైఓవర్ 2020 అక్టోబరు 16న ప్రారంభమైంది. మా కారులోని మ్యాప్ అంతకు ఎన్నో ఏళ్ల ముందటిది. ఫ్లైఓవర్ ఎక్కగానే తెర మీద మా కారును సూచించే బాణం గుర్తు రోడ్డు వదిలేసి, పక్కనే ఉన్న కృష్ణా నదిలోకి జారిపోయింది. మేము పైన హాయిగా వెళ్తున్నాము, తెర మీద మాత్రం నీళ్లలో ఈదుతున్నాము. వెనక్కు తిరగమని ఆ గొంతు పదే పదే ప్రాధేయపడుతోంది. వెనక సీట్లోంచి అమ్మీ తొంగి చూసి, "అల్లాహ్ దయ వల్ల మనకు ఈత కూడా వచ్చేసింది" అన్నది. అందరమూ నవ్వుకున్నాము.

నవ్వుకున్న మాట నిజమే గానీ, పాత మ్యాప్‌తో తిరగడం మంచిది కాదేమోనన్న అనుమానం అప్పుడే మొదలైంది. తర్వాత కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు మ్యాప్ అప్‌డేట్ గురించి అడిగాము. ఆ సర్వీస్ సెంటర్‌లోని కుర్రవాడు కంప్యూటర్‌లో చూసి, కొత్త మ్యాప్ ఉన్న ఎస్‌డీ కార్డుకూ, దాన్ని ఎక్కించినందుకూ కలిపి 14 వేల రూపాయలు అవుతుందన్నాడు. "ఇది ఒక్కసారికేనా?" అని అడిగాము. "ఒక్కసారికేనండీ. రోడ్లు మారుతుంటాయి కదా, రెండేళ్లకొకసారి వేయించుకుంటే మంచిది" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో దీని మీద చిన్న సమావేశమే జరిగింది. మేము మా డెల్టా దాటి తెలియని దారుల్లోకి వెళ్లేది ఏడాదికి మహా అయితే ఆరుసార్లు. రెండేళ్లకు పన్నెండు ప్రయాణాలు. 14 వేలను పన్నెండుతో భాగిస్తే ఒక్కో ప్రయాణానికి దారి చెప్పించుకునే కూలి 1,100 రూపాయలు దాటుతుంది. చాలా ప్రయాణాల్లో డీజిల్‌కు కూడా అంత కాదు. పైగా చేతిలోని ఫోన్ అదే పనిని ఉచితంగా చేస్తోంది. ఖర్చు విషయంలో దుబారాకూ పిసినారితనానికీ నడుమ మధ్యేమార్గాన నడవమని దివ్యఖుర్‌ఆన్‌లోని ఫుర్ఖాన్ సూరా విశ్వాసులకు బోధిస్తుంది. ఈ 14 వేలు దుబారా కిందికే వస్తాయని తేల్చుకుని, ఆ సంగతి అంతటితో వదిలేశాము. లెక్క తప్పు కాదు. అయితే ఆ లెక్కలో మేము వేయని పద్దు ఒకటి ఉంది.

ఇక్కడ ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో కొంత చెప్పుకోవాలి. ఆకాశంలోని ఉపగ్రహం మనకు దారి చెబుతుందని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లము. నిజానికి ఉపగ్రహానికి మన రోడ్లూ తెలియవు, ఊళ్లూ తెలియవు. భూమికి సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు అత్యంత కచ్చితమైన గడియారాలతో సమయ సంకేతాలను పంపుతూ ఉంటాయి. కారులోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, ఒక్కొక్కటీ చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తాను భూమి మీద ఎక్కడ ఉన్నదీ లెక్క కట్టుకుంటుంది. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు, డబ్బు కట్టనవసరమూ లేదు. అమెరికా ప్రభుత్వం సామాన్యుల పరికరాలకు అందే సంకేతాల్లో కావాలని ఉంచిన తేడాను 2000 మే నెలలో తొలగించాక ఈ లెక్క బాగా మెరుగుపడింది.

కానీ "నీవు ఫలానా చోట ఉన్నావు" అన్నంత వరకే ఉపగ్రహం పని. ఆ చోట రోడ్డు ఉందా, చెరువు ఉందా, వంతెన ఉందా అన్నది మ్యాప్ చెప్పాలి. ఆ మ్యాప్‌ను ఎవరో మనుషులు ఎప్పుడో ఒకనాడు తయారుచేసి కార్డులో పెట్టి ఉంటారు. పెట్టిన నాటికి లోకం ఎలా ఉందో అంతవరకే దానికి తెలుసు. ఆ తర్వాత వేసిన రోడ్డును అది ఎరుగదు, కూలిన వంతెననూ ఎరుగదు. మన ప్రభుత్వం 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజిస్తే, మా పెట్టె దృష్టిలో విజయవాడ ఇప్పటికీ కృష్ణా జిల్లాలోనే ఉంది.

ఈ సమస్య ఈనాటిది కాదు. 1985లో అమెరికాలో ఎటాక్ అనే సంస్థ కార్లలో అమర్చే దారి పరికరాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు దాని మ్యాప్‌లు క్యాసెట్లలో వచ్చేవి. రోడ్డు మారితే క్యాసెట్ మారాలి. ఆ తర్వాత సీడీలు వచ్చాయి, డీవీడీలు వచ్చాయి, ఎస్‌డీ కార్డులు వచ్చాయి. వస్తువు మారింది గానీ, పాతబడడమన్న దాని గుణం మారలేదు.

ఇంకా వెనక్కు వెళ్తే ఈ పనిలో మన పూర్వీకుల చరిత్ర ఘనంగా ఉంది. ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ, గ్రీకు పండితుడు టాలమీ రాసిన భూగోళాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించలేదు. రెండు వేలకు పైగా ప్రదేశాల అక్షాంశ రేఖాంశాలతో కొత్త పట్టిక తయారుచేశాడు. టాలమీ మధ్యధరా సముద్రాన్ని ఉన్నదానికన్నా చాలా పొడవుగా లెక్కగట్టగా, ఆయన దాన్ని సరిదిద్దాడు. ఏ ఊరు ఎక్కడుందో తెలియనిదే ఆ ఊరి మస్జిదు ఖిబ్లా దిక్కు తెలియదు కాబట్టి, ఈ లెక్కలు మన పండితులకు ఆరాధనతో ముడిపడిన అవసరం కూడా. అటు తర్వాత సిసిలీ రాజు రోజర్ కొలువులో అల్ ఇద్రీసీ 1154లో ప్రసిద్ధమైన ప్రపంచ పటాన్ని పూర్తిచేశాడు. దానికి పదిహేనేళ్లు పట్టింది. దేశదేశాల ప్రయాణికులను పిలిపించి, ఒకరు చెప్పిన దానిని మరొకరు చెప్పిన దానితో సరిపోల్చి, అందరి మాటా కలిసిన చోటనే గీత గీశారు. అంటే, మ్యాప్‌ను తాజాగా ఉంచింది ఏనాడూ యంత్రం కాదు. ఆ దారిన నడిచి వచ్చినవాడు, అతణ్ణి అడిగి తెలుసుకున్నవాడు.

ఇది మాకు పుస్తకం చదివినప్పుడు అర్థం కాలేదు. 2023 నవంబరులో ఒక రాత్రి అర్థమైంది.

అమ్మీకి ఒక్కగానొక్క అక్క ఉండేది. మేము ఖాలమ్మ అని పిలిచేవాళ్లము. దివిసీమలో, నాగాయలంక వైపు ఒక చిన్న ఊళ్లో ఆమె కాపురం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ ప్రాంతమంతా తుడిచిపెట్టుకుపోయి, సుమారు పదివేల ప్రాణాలు పోయినప్పుడు, చంటిపిల్లను భుజాన వేసుకుని రాత్రంతా తాటిచెట్టును కావలించుకుని బతికి బయటపడిన మనిషి ఆమె. నీళ్లు తీశాక రోడ్డేదో పొలమేదో తెలియక, ఏ తాటిచెట్టు ఎవరి గట్టుదో గుర్తుపట్టుకుంటూ ఊరు చేరామని చెబుతుండేది. చిన్నతనంలో ప్రతి సెలవులకూ మేము ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లము. తర్వాత చదువులు, ఉద్యోగాలు, పిల్లలు. రాకపోకలు పండుగలకు తగ్గాయి, పండుగల నుంచి ఫోన్ పలకరింపులకు తగ్గాయి. ఆ నవంబరు నాటికి మేము ఆమె గడప తొక్కి మూడేళ్లు దాటింది. కారు కొన్న తర్వాత ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఆ రోజు అసర్ నమాజు వేళ దాటాక ఫోన్ వచ్చింది. ఖాలమ్మ అల్లాహ్ పిలుపు అందుకుంది. చాలాకాలంగా మంచం మీద ఉన్న మనిషి కాబట్టి జాప్యం చేయకుండా ఇషా నమాజు తర్వాత జనాజా నమాజు చేసి, ఆ రాత్రే ఖననం చేయాలని పెద్దలు నిర్ణయించారు. ఇన్నా లిల్లాహి అనుకుని వెంటనే బయలుదేరాము. మామూలుగా అయితే గంటన్నర ప్రయాణం. ఇషాకు ముందే చేరవచ్చు. అమ్మీ దారంతా ఒక్క మాటే అంటూ వచ్చింది: "ఆపా ముఖం ఒక్కసారి చూస్తే చాలు."

చల్లపల్లిలో మగ్రిబ్ నమాజు చేసుకున్నాము. మోపిదేవి దాటేసరికి వాన మొదలైంది. పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరాము. అక్కడి నుంచి కొంత దూరం పోయాక రోడ్డు పనులు జరుగుతున్నాయని అడ్డంగా డ్రమ్ములు పెట్టి, పక్కదారిన వెళ్లమని బాణం గుర్తు వేశారు. ఆ పక్కదారి రెండు మలుపుల తర్వాత మూడుగా చీలింది. ఏ దారి అన్న గుర్తు లేదు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. మ్యాప్ ముందుగా దించుకుని పెట్టుకోవాలన్న జాగ్రత్త మేము పాటించలేదు. అప్పుడు కారులోని పెట్టెను తెరిచాము. దానికి సిగ్నల్‌తో పనిలేదు. తడుముకోకుండా, ఎడమవైపు తిరగమంది. తిరిగాము.

అది కాలువ గట్టు. మొదట కంకర, ఆ తర్వాత మట్టి. ఒకవైపు కాలువ, రెండోవైపు రొయ్యల చెరువులు. వాన. ఎదురుగా మరో బండి వస్తే తప్పుకునే చోటు లేదు. మూడు కిలోమీటర్లు అలాగే వెళ్లాక, కుడివైపు వంతెన దాటమని గొంతు చెప్పింది. లైట్ల వెలుతురులో చూస్తే వంతెన లేదు. ఇవతలి ఒడ్డున ఒక దిమ్మ, అవతలి ఒడ్డున ఒక దిమ్మ. మధ్యలో నిండుగా పారుతున్న నీళ్లు. పెట్టె మాత్రం "కుడివైపు తిరగండి" అని మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది. మరో నాలుగడుగులు ముందుకు పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అల్‌హమ్దులిల్లాహ్, వాన వల్ల బండి నెమ్మదిగా నడుపుతున్నాము.

వెనక్కు తిప్పుదామంటే గట్టు చాలదు. చక్రం బురదలో దిగింది. ఇషా వేళ అయింది. అమ్మీ ఏమీ అనడం లేదు. ఆ మౌనమే మాకు భరించరానిదిగా ఉంది.

కొంతసేపటికి చెరువు గట్టు మీద టార్చిలైటు వెలుగు కనిపించింది. తల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న ఒక పెద్దమనిషి, చెరువుల కాపలాదారు, దగ్గరికి వచ్చాడు. "ఈ దారిన ఎందుకొచ్చారండీ? వంతెన పడిపోయి రెండేళ్లయింది. ఆ మిషన్లు చూసుకుని వచ్చి ఎవరో ఒకరు ఇక్కడ ఇరుక్కుంటానే ఉంటారు" అన్నాడు. ఊరి పేరు చెప్పాము. అమ్మీ ముఖం వంక చూసి, "సాయంత్రం ఆ సాయిబులమ్మగారు చనిపోయారంట. ఆరింటికేనా?" అని అడిగాడు. ఇక మరో మాట మాట్లాడలేదు. గుడిసెలోంచి రెండు చెక్క పలకలు తెచ్చి చక్రం కింద పెట్టాడు. వానలో నిలబడి, టార్చితో ఒడ్డు చూపిస్తూ, జానెడు జానెడు చొప్పున బండిని వెనక్కు నడిపించాడు. ఆ తర్వాత తన మోపెడ్ తీసి ముందు నడుస్తూ, రెండు చెరువుల నడుమ నుంచి మమ్మల్ని పెద్ద రోడ్డు ఎక్కించాడు. చేతిలో డబ్బు పెట్టబోతే వెనక్కు నెట్టి, "దారి చెప్పినందుకు డబ్బులేంటండీ. ముందు మీరెళ్లండి, ఆలస్యమైపోతాది" అన్నాడు.

ఆలస్యం అప్పటికే అయిపోయింది. మేము చేరేసరికి జనాజా ఇల్లు దాటి వెళ్లిపోయింది. మగవాళ్లం కబరస్తాన్‌కు పరుగెత్తి, చివరి మట్టి మూడు దోసిళ్లు వేయగలిగాము. అమ్మీకి ఆ భాగ్యం కూడా లేదు. ఖాళీ మంచం పక్కన కూర్చుని, దుప్పటి అంచును చేత్తో నిమురుతూ ఉండిపోయింది. ఒక్కసారి ముఖం చూస్తే చాలునన్న మనిషి, ఆ ఒక్క చూపుకూ నోచుకోలేదు.

ఖాలమ్మ కొడుకు మమ్మల్ని కావలించుకుని, నిష్ఠూరం కాదన్నట్టుగానే ఒక మాట అన్నాడు. "అవనిగడ్డ నుంచి ఒక్క ఫోన్ చేసి ఉంటే మలుపు దగ్గర మనిషిని నిలబెట్టేవాణ్ణి కదా భాయ్!" అవనిగడ్డలో ఫోన్‌కు సిగ్నల్ ఉంది. ఫోన్ చేయాలన్న ఆలోచనే మాకు రాలేదు. అడగక్కర్లేదన్న మాటకు మేము అంతగా అలవాటు పడిపోయాము.

తిరుగు ప్రయాణంలో మా కోపమంతా ఆ పెట్టె మీదికీ, మిగుల్చుకున్న 14 వేల మీదికీ మళ్లింది. ఆ డబ్బు ఖర్చు చేసి ఉంటే అమ్మీకి ఈ దుఃఖం ఉండేది కాదేమోనని పశ్చాత్తాపపడ్డాము. ఆమె అప్పుడు నోరు విప్పింది. "పెట్టె తప్పేముంది బేటా? వంతెన పోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. మనకూ తెలియదు. తెలుసుకునేంత దగ్గరగా మనం లేము" అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తర్వాత మేము ఒక పని చేశాము. కొత్తగా కారు కొన్న బంధువు ఒకరి బండిలో, ఆ ఏడాది మ్యాప్‌లో, ఆ చోటు వెతికి చూశాము. వంతెన ఉంది. మా ఫోన్‌లో చూశాము. అక్కడా ఉంది. అంటే, మేము 14 వేలు కట్టి మ్యాప్ మార్పించుకున్నా, ఆ రాత్రి ఆ పెట్టె మమ్మల్ని అదే గట్టు మీదికి పంపి ఉండేదన్నమాట. అప్‌డేట్‌లో జాతీయ రహదారులు వస్తాయి, ఫ్లైఓవర్లు వస్తాయి, పెద్ద ఊళ్ల బైపాస్‌లు వస్తాయి. రెండేళ్ల క్రితం వానలకు పడిపోయిన ఒక కాలువ వంతెన సంగతి, ఎవరైనా చెబితే తప్ప, ఎక్కడో కూర్చుని మ్యాప్ తయారుచేసేవారికి తెలిసే మార్గం లేదు.

ఆ చెప్పడమన్న పనిని మా పిల్లలు చేశారు. ఫోన్‌లోని మ్యాప్‌లో దారి మూసుకుపోయిందని తెలియజేసే వీలు ఉంటుంది. ఖాలమ్మ కొడుకు పగటిపూట ఆ దిమ్మల ఫొటో తీసి పంపాడు. పిల్లలు దాన్ని జతచేసి పంపించారు. కొన్ని వారాల తర్వాత చూస్తే ఆ గీత చెరిగిపోయింది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఇక ఫోన్ చూసుకుని ఆ దారిన వచ్చేవారిలో ఎవరో ఒకరైనా ఆ నీళ్ల ముందు దాకా రారు. బాటలో ఉన్న హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమనీ, దారి తెలియనివాడికి దారి చూపడం సదఖా అనీ మనకు దైవప్రవక్త (స) నేర్పారు. ముల్లును తీసివేయడం అంటే ఈ కాలంలో పటంలోని తప్పుడు గీతను తీసివేయించడం కూడానని మా పిల్లలకు ఆ రోజు చెప్పాము.

అయితే, దారి కోసం డబ్బు పెట్టడమే తప్పని మేము అనడం లేదు. హిజ్రత్ సందర్భాన్ని గుర్తు చేసుకోండి. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మక్కా విడిచి వెళ్లే వేళ అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అనే వ్యక్తిని కూలికి కుదుర్చుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాదు. కానీ దారులు ఎరిగినవాడు, మాట మీద నిలబడేవాడు. తమ ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి తీసుకురమ్మన్నారు. అతడు ప్రజలు మామూలుగా నడిచే బాటను విడిచి, సముద్ర తీరం వైపు దారిన వారిని మదీనా దిశగా నడిపించాడు. దైవసహాయం మీద సంపూర్ణ నమ్మకం ఉన్నవారే దారి తెలిసిన మనిషికి కూలి ఇచ్చి తోడు తీసుకున్నారంటే, జ్ఞానానికి వెల కట్టడం దుబారా కాదని స్పష్టమవుతుంది. అయితే వారు వెల కట్టింది దారిని స్వయంగా నడిచి ఎరిగినవాడికి. మనం వెల కట్టేది దేనికో ముందు తెలుసుకోవాలి.

ఈ అనుభవం తర్వాత మేము నేర్చుకున్న నాలుగు సంగతులు, కారు కొనే ఆలోచనలో ఉన్న కుటుంబాలకు పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది, పాత కారు కొనేటప్పుడు నావిగేషన్ ఉందన్న మాటకు సంతోషించి ఊరుకోకండి. సెట్టింగులలో మ్యాప్ ఏ సంవత్సరానిదో రాసి ఉంటుంది, చూడండి. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడాన్ని మన ధర్మం నిషేధించింది. మీరు మీ కారు అమ్మేటప్పుడు ఈ సంగతిని మీరే ముందుగా చెప్పండి.

రెండవది, కొత్త కారు అయితే మ్యాప్ అప్‌డేట్ ఎన్నేళ్లు ఉచితమో, ఆ తర్వాత ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకోండి. కొన్ని కంపెనీలు ఉచితంగానే ఇస్తాయి. ఉచితమైతే తప్పక వేయించుకోండి. టాక్సీ నడుపుకునేవారు, నిత్యం కొత్త నగరాలకు తిరిగేవారు డబ్బు కట్టి వేయించుకున్నా వారికి ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. మావంటి కుటుంబాలకు కాదు.

మూడవది, ఇప్పుడు చాలా కార్లలో ఫోన్‌ను తెరకు కలుపుకునే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే వంటి వసతులు ఉన్నాయి. 2014, 2015 సంవత్సరాల నుంచి ఇవి వచ్చాక, కారులో బిగించిన మ్యాప్‌కు విలువ తగ్గిపోయింది. అయితే సిగ్నల్ లేని చోట ఫోన్ చేతులెత్తేస్తుంది. బయలుదేరే ముందు ఇంట్లోనే ఆ ప్రాంతపు మ్యాప్‌ను ఫోన్‌లోకి దించుకుంటే ఆ బాధ ఉండదు.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. రాత్రి వేళ, వాన వేళ, కాలువ గట్లూ కరకట్టలూ ఉన్న మన డెల్టాలో ఏ పెట్టె మాటా నమ్మి కొత్త దారి పట్టకండి. వెళ్తున్న ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేయండి. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి అడగండి. ఏటిమొగ రేవులో పంటు ఉందో లేదో, ఏ వంతెన మీద బండి పోతుందో, ఏ రోడ్డు నీట మునిగిందో అక్కడివారికి ఆ గంటకు ఉన్న సంగతి తెలుస్తుంది. అడగడం చిన్నతనం కాదు. మనం అడిగితే, దారి చెప్పినవాడి ఖాతాలో ఒక పుణ్యం జమ అవుతుంది.

ఇక మేము లెక్కలో వేయని పద్దు గురించి. ఆ రాత్రి నిజంగా పాతబడి ఉన్నది కారులోని మ్యాప్ ఒక్కటే కాదు. మూడేళ్లలో ఒక్కసారైనా ఖాలమ్మ ఇంటికి వెళ్లి ఉంటే, వంతెన పడిపోయిన సంగతి మాకు ముందే తెలిసి ఉండేది. అడ్డదారి తెలిసి ఉండేది. ఏ మలుపులో ఎవరి ఇల్లో తెలిసి ఉండేది. అన్నిటికీ మించి, అమ్మీకి ఆ చివరి చూపు ఒక్కటే మిగిలి ఉండేది కాదు, దానికి ముందు ఎన్నో చూపులు దక్కి ఉండేవి. తమ దగ్గరికి వచ్చిపోయేవారి ఇంటికి వెళ్లడం మాత్రమే బంధుత్వాన్ని నిలబెట్టుకోవడం కాదనీ, తెగిపోతున్న చోట కలుపుకున్నవాడే నిజంగా బంధుత్వాన్ని నిలబెట్టినవాడనీ ప్రవక్త (స) బోధ. ఈ హదీసును మేము ఎన్నో సభల్లో విన్నాము. ఇంటి ముందు కారు పెట్టుకుని కూడా దానిని పాటించలేదు.

మ్యాప్ మార్పించడానికని కాకపోయినా, ఆ 14 వేలను మేము ఖర్చు చేస్తూనే ఉన్నాము. నెలకొకసారి, ఆదివారం ఫజ్ర్ తర్వాత, అమ్మీని కూర్చోబెట్టుకుని దివిసీమకు వెళ్తున్నాము. డీజిల్‌కూ, వెళ్లే ఇంటికి తీసుకెళ్లే పండ్లకూ సరిపోతోంది. ఇది దుబారా అని ఇంట్లో ఎవరూ అనడం లేదు. దారిలో చెరువుల దగ్గర ఆగి ఆ కాపలాదారును పలకరిస్తాము. డబ్బు తీసుకోని ఆ మనిషి, అమ్మీ కట్టిచ్చే సేమియా డబ్బాను మాత్రం కాదనడు.

కారులో ఆ పెట్టె ఇంకా ఉంది. దాని గొంతు తగ్గించి పెట్టాము. ఊరి పొలిమేర దాటాక దాని తెర మీద గీతలన్నీ ఆగిపోతాయి, బాణం ఖాళీ జాగాలో నిలబడుతుంది. ఖాలమ్మ ఇంటి సందు ఆ మ్యాప్‌లో ఏనాడూ లేదు. అక్కడి నుంచి అమ్మీ చెబుతుంది. "ఆ వేపచెట్టు దగ్గర కుడికి. మెల్లగా. అక్కడ పిల్లలు ఆడుకుంటుంటారు."